చింపిన ఆకు

తోటను మా వదిన చంపలేదు. మీరు చంపారు. తెగులు ఆమె చేతుల మీదుగా అంటిందని గేటుకి కాగితం అతికించిన యజమానులారా, చంపింది మీరూ, మీ మేనేజరూ, ఆయన బల్ల మీది దీపమూ.

పదకొండేళ్లుగా వదిన ఈ ద్రాక్షతోటలో తీగలు కడుతోంది. ఆకు తిప్పి చూడకుండా తీగ ముట్టుకోదు. ఆమె పనిని బట్టే మాకు తోట కూలీల లైన్లలో ఒక గది. పని పోతే గదీ పోతుంది. మీ పందిరి మీంచి పడి నడుం విరిగిన మా అన్నయ్య ఆ గదిలోనే మంచం మీద ఉన్నాడు.

వారం పాటు రోజూ సాయంత్రం వాన. రాత్రంతా ఉక్క. పొద్దెక్కినా ఆకుల తడి ఆరలేదు. ఏడో వరసలో ఒక ఆకు మీద నూనె చుక్క పడ్డట్టు పసుపు మచ్చ కనబడింది వదినకి. మేనేజరుకి చూపించి, బూజు తెగులు మొదలైంది, ఇవాళే మందు కొట్టించమంది. ఆయన గోడ మీది తేమ మీటరు చూపించాడు. నలభై ఐదు శాతం, ఇంత తక్కువ తేమకి తెగులు రాదన్నాడు. ఏసీ గదిలో ఇంకెంత ఉంటుంది? తోటలో కడితే ఎవరో ఎత్తుకుపోతారని దాన్ని గడప దాటించలేదు. పైగా కొనేవాళ్లు తోట చూడ్డానికొచ్చే వారమట, ఆకుల మీద మందు మరకలు కనబడకూడదట.

వదిన ఆ ఆకుని నడి ఈనె వెంట నిలువునా చింపి, ఒక సగం ఆయన ముందు పెట్టింది.

"తడిగుడ్డతో సంచిలో కట్టి చీకట్లో ఉంచండి సార్. తెల్లారేసరికి అడుగున తెల్లగా లేస్తుంది. లేవకపోతే నా మాట అబద్ధం."

సరేనన్నాడు. కానీ ఆమె రాత్రి వచ్చి సున్నం పూసిపోతుందని సంచిని తన బల్ల మీదే, దీపం కింద పెట్టించాడు. తెల్లవార్లూ ఆర్పొద్దని వాచ్‌మన్‌కి చెప్పాడు.

"వెలుతుర్లో అది ఈనదు, తెల్లగా పైకి లేవదు సార్. ఆ దీపం ఆర్పించండి."

"ఏం, నీ బూజుకి సిగ్గా?"

మేస్త్రీలు నవ్వారు. నేనూ నవ్వాను. నా పనికెక్కడ ఎసరొస్తుందోనని నవ్వాను. వదిన నావైపు చూడలేదు.

పొద్దున ఆయన సగం ఎక్కడిదక్కడే ఉంది, మచ్చ తప్ప ఏమీ లేదు. దాన్ని ఒక కాగితానికి పిన్ను కొట్టి, తెగులు లేదని రాసి సంతకం పెట్టాడు. అప్పుడు వదిన తన సగం తెచ్చింది. మా ట్రంకు పెట్టెలో, తడిగుడ్డలో ఉంచిన సగం. అడుగున పిండి చల్లినట్టు తెల్లగా ఉంది. రెండూ పక్కపక్కన పెడితే చిరుగు చిరుగుతో అతికింది. మేనేజరు అది చూశాడు. ఆయన చూడటం నేను చూశాను.

"అంటే బూజు మీ గదిలో ఉందన్నమాట. తోటకి అంటిస్తున్నది నువ్వే," అన్నాడు.

వదిన తెచ్చిన సగాన్ని చెత్తబుట్టలో పడేశాడు. ఆమెని గేటు దగ్గర నిలబెట్టి, చిక్కటి బ్లీచింగ్ నీళ్ల బకెట్లో మోచేతుల దాకా చేతులు పెట్టించి, తాను టీ తాగడం అయ్యేదాకా తీయనివ్వలేదు. టీ వేడిగా ఉందని ఊదుకుంటూ తాగాడు. ఇప్పుడు ఆమె వేళ్లు ముడుచుకోవు. అన్నయ్యకి అన్నం నేను కలిపి పెడుతున్నాను. పని తీసేశారు. గది నెలాఖరుకి ఖాళీ చేయాలన్నారు.

ఆ తర్వాత పది రోజులూ అదే ముసురు. ప్రతి రాత్రీ ఆ బూజు ఈనింది. ప్రతి పొద్దూ గాలికి లేచి పక్క వరస మీద పడింది. పిందెలు గోధుమరంగు తిరిగి ముడుచుకుపోయాక మందు గది తాళం తీశారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాకపోతే కాలినవి మా వదిన చేతులు.

చెత్తబుట్టలోంచి ఆ సగం నేను ఏరి దాచాను. నవ్వినవాడిని, ఆ మాత్రమైనా చేయాలి. మీ సగం మీ ఫైల్లో ఉంది. ఈ రోజే తీసుకురండి. కూలీలందరి ముందు రెండూ కలిపి పెట్టండి. గేటు మీది కాగితం మేనేజరు తన చేత్తో చింపాలి. వదిన చేతులకి వైద్యం చేయించండి, పని తిరిగివ్వండి. తేమ మీటరు ఏడో వరసలో కట్టండి. రాలిన ప్రతి ఆకూ ఏరి కాల్పించండి. వాటిలో పడుకున్న తెగులు వచ్చే వానకి లేస్తుంది, అప్పుడు ఎవరి చేతులు ముంచుతారు?

అంతవరకూ ఒక్క తీగ కట్టం. అన్నయ్య మంచం ఆ గది దాటదు.