బూన్ వేళ్లు

మా నాన్న తొమ్మిదేళ్లు అమెరికన్ ఫుట్‌బాల్, అదే, చేత్తో బంతి పట్టుకుని ఆడేది, ఆడి ఒక్కసారి కూడా బంతి ముట్టుకోలేదు. ముందు వరుసలో వంగి, ఒక చెయ్యి నేలకు ఆనించి, ఎదుటివాళ్లను అడ్డుకోవడమే ఆయన పని. మోకాలు చెడ్డాక నెబ్రాస్కాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఈ కాలేజీకి కోచ్ అయ్యారు. రెండేళ్లుగా ఓడుతూనే ఉన్నాం. శనివారం ఆట కూడా పోతే ఉద్యోగం ఉండదని కాలేజీవాళ్లు చెప్పేశారు. అప్పుడు ఊరు వదలాలి.

సాధననూ ఆటలనూ వీడియో తీసేది నేనే. ఇనప మంచె ఎక్కితే ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. మంగళవారం కెమెరాలో దగ్గరగా చూస్తుంటే, మా జట్టు ముందు వరుసలో ఆడే బూన్ అనే కుర్రాడి వేళ్లు ఒక్కోసారి తెల్లబడుతున్నాయి. ఎందుకా అని డైరీలో గీతలు పెట్టుకుంటూ పోయాను. చేతిమీద బరువు వేస్తే వేళ్లు తెల్లబడతాయి, ముందుకు దూకుతాడు. అంటే వెనకున్న మావాడు బంతి పట్టుకుని పరిగెత్తే ఆట. తెల్లబడకపోతే విసిరేవాణ్ణి కాయడానికి వెనక్కి జరుగుతాడు. అంటే బంతి విసిరే ఆట. ముప్ఫై ఒక్కసార్లలో ఒక్కటీ తప్పలేదు.

నాన్నకు చెప్పడానికి రెండు రోజులు పట్టింది. గురువారం ఆయన గుడ్లు వేయిస్తుంటే డైరీ తెరిచి బల్లమీద పెట్టాను.

"ఏంటే ఈ గీతలు?"

"బూన్ వేళ్లు నాన్నా. నాకే తెలిసిందంటే అవతలివాళ్లకి తెలీదా?"

ఆయన పొయ్యి కట్టేసి, తాను ఆడిన పాత ఆట ఒకటి వెతికి టీవీలో పెట్టారు. కుర్ర నాన్న వంగాడు. వేళ్లు తెల్లగా ఉన్నాయి. పరుగు. మళ్లీ వంగాడు. మళ్లీ అంతే.

"ఓరి దేవుడా! తొమ్మిదేళ్లు అందరికీ ముందే చెప్పి మరీ ఆడానా? బూన్‌గాడికి నేర్పింది కూడా నేనే!"

"మాన్పిస్తావా?"

"మాన్పించడమెందుకు?" అన్నారు, టీవీ నుంచి కన్ను తిప్పకుండా.

శనివారం ఆఖరి నిమిషానికి నాలుగు పాయింట్లు వెనకబడి ఉన్నాం. నాన్న బూన్‌ను పక్కకు లాగి ఏదో చెప్పారు. "గోళ్లు ఊడినా సరే, నేలని పిండెయ్యరా. ఆ తర్వాత వెనక్కి జరుగు" అన్నారని బూన్ తర్వాత చెప్పాడు.

నా కెమెరాలో బూన్ వంగాడు. వేళ్లు సున్నంలా తెల్లబడ్డాయి.

"పరుగే! పరుగే!" అవతలివాళ్లలో ఒకడు అరిచాడు. వెనకంతా ఖాళీగా వదిలేసి అందరూ ముందుకు ఉరికారు. బూన్ వెనక్కి జరిగాడు. జనమంతా లేచి కేకలు పెట్టారు.

ఆదివారం కాలేజీ పెద్దాయన ఇంటికొచ్చి, ఇంకో ఏడాది మీరే ఉండాలన్నారు. గెలిపించిన ఆ ఒక్క విసురు మళ్లీ చూడాలని ముచ్చటపడ్డారు. నాన్న నా వీడియో పెట్టారు. తెర నిండా బూన్ వేళ్లే.

"బంతేదే తల్లీ?"

"నేను బంతిని చూడలేదు నాన్నా."

"పోన్లే," అని నవ్వారాయన. "నేను మాత్రం ఎప్పుడు చూశాను?"