సగం పలక

పెత్రమాస నాడు కూడా ఆండాళు రాట్నం ఆపలేదు. చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి, ఒక్కొక్కరి పేర ఒక్కో విస్తరిలో అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇచ్చుకునే రోజది. కోస్గిలో ఆ వాడకు అయ్యగారు వచ్చేసరికి పొద్దు నడినెత్తికెక్కుతుంది. అప్పటిదాకా చేతులు ముడుచుకుని కూర్చోవడం ఆమె వల్ల కాదు. పండుగ పూట కూడా ఇదేం పనే అని ఎవరైనా అడిగితే, "చెయ్యి ఊకుంటే మనసు ఊకుంటదా?" అంటుంది.

కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల సందున నూలు వదులుతూ, నడుమ బొద్దుగా, కొసలకు సన్నగా వచ్చేట్టు కండె చుట్టుతుంది. అరవై దాటిన మనిషి. ఎడమ బొటనవేలి మీద నూలు కోసిన గాడి ఏనాడూ పూడలేదు. భర్త పోయాక పుట్టింటికే వచ్చి చేరింది. వాడలో ఇంకా నేస్తున్న నాలుగిళ్లకు కండెలు చుట్టి ఇస్తూ, ముసలి తల్లిని చూసుకుంటూ బతుకు వెళ్లదీస్తోంది. ఆమె గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. చెప్పుకోదగ్గవాడు ఆ ఇంట్లో ఒక్కడే పుట్టాడు, వాడేమో ఇంట్లో నిలవలేదు.

ఆమె కూర్చునేది ఒక టేకు పలక మీద. పలక అంటే సగం పలకే. తాత కాలంలో గుంటమగ్గం అంచున వేసుకున్నది. కాళ్లు గుంటలో పెట్టి, దాని మీద కూర్చుని తాతా, తండ్రీ నేసి నేసి, నడుమ చిన్న పల్లం పడింది. ఒక అంచు నున్నగా ఉంటుంది, రెండో అంచు రంపపు కోత. కోత పడ్డచోట చెక్కలోని నల్లటి కణుపు సగానికి తెగి అర చందమామలా కనబడుతుంది.

కోసినవాడు తమ్ముడు నరహరి, ఆండాళుకు ఇంకా పెళ్లి కాకముందు. మగ్గం గుంటలో ఒక కాలు, రేడియో రిపేరు దుకాణంలో ఒక కాలుగా తిరిగేవాడు. పాలమూరులో వినాయక చవితి ఆర్కెస్ట్రాలో కరెంటు గిటారు విని వచ్చిన నాటి నుంచి వాడికి కూడు సయించలేదు. కొనే తాహతు లేదు, కోరిక చావదు. తండ్రి ధర్మయ్య ఊరెళ్లి వచ్చేలోపు పలకను నిలువునా రెండు చేసి, ఒక సగాన్ని గిటారుగా చెక్కేశాడు. తీగల మోతను పట్టే కరెంటు చుట్ట కోసం, కాలిపోయిన మోటారులోంచి తీసిన రాగితీగను అక్కే ఈ రాట్నం మీద చుట్టి ఇచ్చింది. కొస జారిపోకుండా ఎర్రనూలుతో ముడి కూడా వేసింది. అది మొదటిసారి మోగినప్పుడు అక్కాతమ్ముళ్లు పిచ్చివాళ్లలా నవ్వారు. సరిగ్గా ఆ నవ్వుల మీదికే వచ్చాడు ధర్మయ్య.

"తాత కూసున్న పలక కోసినోనికి ఈ ఇంట్ల కూసునే జాగ లేదు" అన్నాడు.

నోటిదురుసు మనిషి, కడుపులో విషం లేదు. కానీ వాడూ ఆ తండ్రి కొడుకే కదా! తెల్లారేసరికి గిటారును దుప్పట్లో చుట్టుకుని హైదరాబాద్ బస్సెక్కాడు. ఆ మాట వెనక్కి తీసుకునే యోగం లేకుండానే ధర్మయ్య పోయాడు. మగ్గం అమ్ముడుపోయింది. దాని కింది గుంటను మాత్రం తల్లి బాలనర్సమ్మ పూడ్చనివ్వలేదు. "పూడిస్తే రేపు వాడొచ్చి కాళ్లు యాడ పెడ్తడే?" అంటుంది. మంచంలో పడ్డాక కూడా రోజూ సాయంత్రం ఆండాళు చేత గుంట ఊడిపిస్తుంది. నలభై ఏళ్లుగా పెత్రమాసకు ఆ ఇంట్లో ఒక్క విస్తరే, ధర్మయ్యది.

ఆ పూట వాకిట్లో కారు ఆగింది. ఒకామె గిటారు పెట్టె మోసుకుంటూ దిగి, తన పేరు మానస అని చెప్పింది. సినిమా పాటల్లో గిటారు వాయించి పేరు మోసిన అమరేందర్ కూతురట. ఆయన పోయి ఏడాదైందట. ఆ పాటలు విననివాళ్లెవరు? కండెలు చుట్టుతూ రేడియోలో ఆండాళూ ఎన్నిసార్లు విన్నదో!

"నాన్న గిటారు ఫారిన్‌దని అందరు అంటరు పెద్దమ్మా. నాన్న గూడ కాదనలేదు. పోయేముందు మాత్రం నాతోని చెప్పిండు, ఇది ఎవరో పిల్లగాడు చేత్తోని చేసుకున్నది, వాళ్లోళ్లను వెతుకు అని. విప్పి చూస్తే లోపట రాగితీగకు ఎర్రనూలు ముడి ఉన్నది. నేతోళ్లు వేసే ముడి అన్నరు. నారాయణపేట, గద్వాల, ఆత్మకూర్ అన్నీ తిరిగొస్తున్న."

పెట్టె తెరిచింది. రంగు వేయని టేకు. పక్క అంచున నల్లటి కణుపు, అర చందమామ.

ఆండాళు చేతిలో రాట్నం ఆగింది. ఇన్నేళ్లూ రేడియోలో మోగింది ఇదా! తాను కూర్చున్న పలకలో రెండో సగమా!

"గా పిల్లగాడు యాడున్నడు బిడ్డా?"

మానస గొంతు తగ్గించింది. "నాంపల్లి దిక్కు ఒక లాడ్జిల ఉండెనంట. జరమొస్తే దవాఖానకు తీస్కపోయిన్రట, మళ్ల రాలేదట. పేరు గూడ ఎవలకు తెల్వదు. లాడ్జాయన అమ్ముతుంటే నాన్న కొన్నడు. నేను పుట్టకముందు ముచ్చట." గిటారు మీద చెయ్యి వేసి అంది, "వాళ్లోళ్లు దొరికితే ఇది వాళ్లకే ఇస్త. పేరు తెలిస్తే చాలు పెద్దమ్మా, నాన్న పాట యాడ మోగినా గా పేరు ముందు చెప్పిస్త."

ఆండాళు పలక మీంచి లేస్తే చాలు. ఇంకో సాక్ష్యం అక్కర్లేదు, రెండు సగాలూ పక్కపక్కన పెడితే కణుపు అతుక్కుంటుంది. తమ్ముడి పేరు లోకమంతా వింటుంది. కానీ మూడు బారల దూరంలో మంచం మీద తల్లి ఉంది. చూపు ఆనదు, చెవులు అంతంత మాత్రం. ఆ పిడికెడు ప్రాణాన్ని పట్టి ఉంచింది ఆ గుంట ఒక్కటే. నీ కొడుకు ఎప్పుడో దిక్కులేని చావు చచ్చాడమ్మా అని ఏ నోటితో చెప్పాలి? పలకను రెండు చేతులా పట్టుకుని గట్టిగా కూర్చుంది.

"మావోళ్లది కాదు బిడ్డా" అంది.

"ఎవరే అచ్చింది?" మంచం మీంచి బాలనర్సమ్మ అడిగింది. "చేతుల ఏందది? జర సూడనియ్యి."

వద్దనే లోపే మానస గిటారును ముసలమ్మ ఒళ్లో పెట్టింది. ముడతలు పడ్డ అరచెయ్యి చెక్క మీద మెల్లగా పాకింది. నడుమ పల్లం దగ్గర ఆగింది. అంచుకు వచ్చి, కణుపు చుట్టూ బొటనవేలు ఒకసారి తిరిగింది. తీగకు గోరు తగిలి సన్నగా మోగింది. ఆండాళు తల్లి ముఖంలోకి చూసింది. ఆ ముఖం చెక్కుచెదరలేదు.

"మంచిగున్నది బిడ్డా" అంది బాలనర్సమ్మ. "నువ్వు వాయిస్తవా?"

"వాయిస్త అవ్వా."

"అయితే ఎండల పెట్టకు. శుక్రారం శుక్రారం జర నూనె రాయి."

ఎప్పుడైనా గుర్తొస్తే చెప్పమని ఫోన్ నంబరు రాసిచ్చి మానస వెళ్లిపోయింది. కారు మలుపు తిరిగాక ఆండాళు పెరట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తమ్ముడు పోయినందుకు ఏడ్చింది, వాడి పేరు తన చేత్తోనే తుడిచేసినందుకు ఏడ్చింది. నల్లా కింద ముఖం కడుక్కుని వచ్చి, ఏమీ జరగనట్టు విస్తరి పరిచి బియ్యం పోసింది. దుంపలూ, బెండకాయలూ సర్దింది.

"ఇంకో విస్తరి పెట్టు బిడ్డా" అంది తల్లి.

"ఎవరికమ్మా?"

"పాణముండంగ వాడు దాన్ని ఇడిసిపెడ్తడా?"

ఆండాళు గిన్నె కింద పెట్టి తల్లి చేతికేసి చూసింది. కోడలిగా వచ్చిన నాటి నుంచి శుక్రవారం శుక్రవారం ఆ పలకకు నూనె రాసింది ఈ చెయ్యే కదా, మరిచిపోతుందా!

"తెల్సి గూడ చెప్పకపోతివేందే అమ్మా!"

"నువ్వు పలక మీంచి లేవకపోతివి గద. నా కోసమే గద లేవకపోతివి. నీ మాట నేనెట్ల కాదంట?"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నలభై ఏళ్ల ఏడుపు. కాస్త తేరుకున్నాక ఆండాళు లేచింది. "నంబరున్నదమ్మా. ఫోన్ చేస్త, వాపసు తెమ్మంట."

"వద్దు బిడ్డా. మనింట్ల పెట్టుకుంటే అది మూగదైతది. ఆ పిల్ల వాయిస్తనన్నది, వాయించనీ."

అయ్యగారు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అలవాటు ప్రకారం ధర్మయ్య పేరు తానే చెప్పి, రెండో విస్తరి చూసి తలెత్తాడు. "ఇదెవరి పేర?"

ఆండాళు తల్లి వైపు చూసింది. మంచం మీంచి బాలనర్సమ్మే చెప్పింది, వీధిలోకి వినపడేట్టు. "నరహరి. నా కొడుకు."

ఆ సాయంత్రం గుంట ఊడవమని ఆమె అడగలేదు. ఆండాళు రాట్నం ముందుకు వచ్చింది గాని పలక మీద కూర్చోలేకపోయింది. కటికనేల మీదే కూర్చుని, పొద్దున ఆగిపోయిన కండె అందుకుంది. ఎదురుగా గోడకు ఆని ఉంది సగం పలక, ఇప్పుడే రాసిన నూనెకు తెగిన కణుపు నల్లగా మెరుస్తూ.