దానంతట అదే కదిలే బాణం

పాలగిన్నె దించబోతే ఎడమచేతికి పట్టు చిక్కలేదు. పాలన్నీ పొయ్యిమీద ఒలికిపోయాయి. మూడు వేళ్ళు వాచి నల్లబడ్డాయి. గంట క్రితం ఆమె లాప్‌టాప్‌లో పాఠం సర్దుతూ ఉండగా భర్త దాని మూత దబ్బున మూసి, మోచేత్తో అదిమిపట్టాడు. లోపల ఏదో పుటుక్కుమంది. లాప్‌టాప్ విరిగిందేమోనని అతను మూత తెరిచి చూసుకున్నాడు.

"నిన్న రిహార్సల్లో వీడియో ఆగిందంటే ఎవరి తప్పు? ఇవాళ ఆగిందంటే రెండో చెయ్యి కూడా ఉండదు."

భర్త బడిపంతులు. తరగతిలో ఇంటర్నెట్ ఎలా వాడాలో తోటి టీచర్లకి నేర్పే పని అతనికి అప్పగించారు. అతనికి ఈమెయిల్ పంపడం కూడా రాదు. పెళ్ళికి ముందు కంప్యూటరు టీచరుగా చేసింది ఆమె. "ఇంటిపని చూసుకుంటే చాల్లే" అని మాన్పించాడు. ఇప్పుడు అతని పాఠాలు తయారుచేసి, అతను చదవాల్సిన మాటలు రాసిచ్చి, బడి హాల్లో గోడమీద కనపడే తెరని ఇంట్లో వంటింటి బల్ల దగ్గర తన పాత కంప్యూటరు నుంచి ఇంటర్నెట్ ద్వారా నడిపేది కూడా ఆమే. అతను మౌస్‌మీద చెయ్యి వేసి నిలబడతాడు. పోయిన నెల ఒక బొమ్మ ఆలస్యంగా వచ్చిందని చార్జరు వైరుతో కొట్టాడు. వీపుమీద చారలు ఇంకా మానలేదు. "వాడికి ఊరికే కోపం వస్తుందా? నువ్వేదో చేసే ఉంటావు" అని ఫోన్లో తేల్చేసింది అత్తగారు.

"ఎవరో పిలిచారని మధ్యలో లేచిపోతావు" అంటూ ఇవాళ అతను బయట తాళం పెట్టి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకుంటూ బడికి వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది.

పాఠం మొదలైంది. హాల్లో మాటలు ఆమెకి వినపడాలని అతను ఆమెకి ఫోను కలిపి బల్లమీద పెట్టాడు. ఆమె కుడిచేత్తోనే నడుపుతోంది.

"సార్, మీరు చెమట తుడుచుకుంటున్నారు, బాణం గుర్తు దానంతట అదే పోతోందేంటి?" ఎవరో అడిగారు. అందరూ నవ్వారు.

"అలవాటైతే అంతే. మనసులో అనుకుంటే చాలు."

తర్వాత ఒక టీచరమ్మ లేచింది. "సార్, పిల్లలు వెతికేటప్పుడు చూడకూడనివి వస్తే ఎలా ఆపాలి?"

రాసిచ్చిన కాగితంలో ఆ ప్రశ్న లేదు. "మా ఆవిడకీ ఇవే డౌట్లు. మీ ఆడవాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు కదా."

మళ్ళీ నవ్వులు. ఆ నవ్వు వేళ్ళకంటే ఎక్కువ సలిపింది ఆమెకి. రేపు తరగతిలో పిల్లల ముందు తెల్లమొహం వేసుకు నిలబడేది ఆ టీచరమ్మే కదా అనుకుంది. తెరమీద ఖాళీ పేజీ తెరిచి టైపు చేసింది. 'మంచి ప్రశ్న మేడమ్. చూపిస్తాను.' ఏది ఎక్కడ నొక్కాలో ఒక్కొక్కటే నొక్కి చూపించింది. హాల్లో నవ్వులు ఆగిపోయాయి.

"ఇది ఎవరు చేస్తున్నారు సార్?" టీచరమ్మే అడిగింది.

"అదే... ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్."

'నేను ఆయన భార్యని. ఇన్నాళ్ళూ మీకు చెప్పింది నేనే. పొద్దున ఈ లాప్‌టాప్ మూత కిందే ఆయన నా వేళ్ళు విరగ్గొట్టారు. ఒంటిచేత్తో టైపు చేస్తున్నాను, ఆలస్యమైతే ఏమనుకోకండి.'

ఫోన్లో కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. ఆమె భుజాలు వాటంతట అవే ముడుచుకున్నాయి. దెబ్బ ఎటునుంచి వస్తుందో అన్నట్టు ఖాళీ వంటింట్లో చుట్టూ చూసింది.

"మూత మీంచి చెయ్యి తియ్యండి సార్." టీచరమ్మ గొంతు దగ్గరగా వినిపించింది. "తియ్యమంటున్నానా? ఆవిణ్ణి టైపు చెయ్యనివ్వండి."

కుడిచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆమె రాసింది.

'ఇంటికి బయట తాళం వేసి ఉంది మేడమ్. తాళంచెవి ఆయన చొక్కా జేబులో ఉంది.'