లంకమ్మ ముఖబింబము

శ్రావణమేఘములు సాగరగర్భమునుండి లేచి బందరుపురమును గప్పియుండ తడిగాలికి తలుపుచెక్కలు ఉబ్బి గోడల సున్నము పెచ్చులూడుచున్న యొకానొక యపరాహ్ణమున హైమవతి కీర్తిశేషుడగు తన తండ్రి కోదండపాణి నడపిన ఫోటో స్టూడియోయందు నెగటివుల రేకుపెట్టె మూత తీసెను. పులిసిన వాసన గుప్పున ముక్కునకు సోకెను. ఫిల్ము చివుకుచున్నదనుటకు ఆ వాసనయే సాక్ష్యము. ఈ వానకాలము గడచులోపల వానిని స్కానరున కెక్కింపకున్న అర్ధశతాబ్దపు జనుల ముఖములన్నియు జిగురుముద్దలగునని యామె యెరుగును.

ఆ ముఖములలో నొకటి లంకమ్మది. డెబ్బదియేడవ సంవత్సరపు ఉప్పెన ఊళ్లను మ్రింగుటకు మూడునాళ్ల ముందు పెండ్లిచూపుల పటమునకై ఆ జాలరిపడుచు ఇచ్చటికి వచ్చెను. అట్టి పటములందు స్ఫోటకపు మచ్చలను నెగటివుపై సన్నని పెన్సిలుతో పూడ్చివేయుట కోదండపాణి వాడుక. కాని యాతడు పెన్సిలు చేతబట్టుటకు మునుపే కడలి యామెను గొనిపోయెను. లంకమ్మకు వేరొక పటము లేదు. డెబ్బదేండ్లకు చేరువైన చెల్లెలు మంగతాయి అక్కమొగము మరపునకు వచ్చుచున్నదని కంటనీరు పెట్టుకొనగా హైమవతి ఎట్లయినను ఆ ముఖమును తెచ్చియిత్తునని మాట యిచ్చెను.

విజయవాడనుండి వచ్చిన విక్రేత రెండు స్కానరులను బల్లపై నిలిపెను. మొదటిది సొగసుకత్తె. నిమిషములో బొమ్మ నిచ్చుటయే గాక గీతలను మరకలను తనంతతానే తుడిచివేయును. రెండవది బల్లపరుపుగా నుండి యొక్కొక్క నెగటివునకు పావుగంట తీసికొనును. దుమ్ము దులుపు పని మనదే. విక్రేత మొదటిదానిని ఆకాశమున కెత్తి రెండవదానిని ఆవులించుచు జూపెను. హైమవతియు బుట్టలో పడెను. లంకమ్మ నెగటివును మొదటిదానియందుంచగా తెరపై వెన్నవంటి నున్నని ముఖము వెలసెను. ఆమె మురిసిపోయి మంగతాయిని బిలిచి కుర్చీలో గూర్చుండబెట్టెను.

మంగతాయి చాలసేపు చూచి తల అడ్డముగా నూపెను.

"ఈవిడెవరోనమ్మా. మా అక్కకి మొగవంతా అమ్మోరి మచ్చలే."

హైమవతికి తల కొట్టివేసినట్లయ్యెను. ఆ తుడుచు గుణమును మాన్పుడని కోరగా ఆ యంత్రమున కట్టి యేర్పాటు లేదనియు నున్నని ముఖమును గాదనువారిని తా నెన్నడును చూడలేదనియు విక్రేత నవ్వెను.

"పోయినావిడకి ఇంకా పెళ్లిచూపులేమిటండీ. ఆ సొగసుదాన్ని మీరే తీసుకెళ్లండి" అని హైమవతి నిశ్చయముగా బలికెను.

నెగటివు అంచులు అప్పటికే పొక్కులెత్తెను. ఇంకొక్కమారు తాకుటకు మాత్రమే యది నిలుచునట్లుండెను. అయినను ఆమె జంకక మెత్తని కుంచెతో ధూళి దులిపి ఊపిరి బిగబట్టి రెండవ యంత్రపు గాజుపై దానిని పరచెను. పావుగంట గడచెను. గీతలతోను మచ్చలతోను లంకమ్మ తెరపైకి వచ్చెను.

"ఇంత చిన్నపిల్లవా అక్కా నువ్వు" అని మంగతాయి మెల్లగా ననెను. పిమ్మట ఇరువదేండ్ల యక్క యెదుట ఆ ముదుసలి చెల్లెలు కుర్చీనుండి లేచి నిలువబడెను.