గోడ దిగిన మావులు

ఆ పొద్దున ఉప్పుటేటి గట్టు మీద కాపలా మస్తానయ్య కాలెత్తి ఒక్క తొక్కు తొక్కాడు. రోజా తన చేతులతో అల్లిన మొదటి మావు, చేపలు పట్టే వెదురు బుట్ట, పటపటమని విరిగింది.

పెళ్లయిన నాటి నుంచీ ఆ మావునే అల్లుతోంది రోజా. వెదురు బద్దలు చీరడం, తాటినారతో ముడులు వేయడం, చేప దూరడానికి వెడల్పాటి మూతి, దూరిన చేప మళ్లీ బయటికి రాకుండా లోపల సన్నటి నాలిక, అన్నీ అత్త ముసలమ్మ పక్కన కూర్చుని నేర్చుకుంది. కావలి కాలేజీలో డిగ్రీ చదివిన పిల్ల. వేళ్లలో వెదురు ముళ్లు దిగితే మొగుడు పెంచలకృష్ణ తీస్తానని చెయ్యి పట్టుకునేవాడు. ముల్లు వచ్చేశాక కూడా చెయ్యి వదిలేవాడు కాదు.

"ఇంకోటి కూడా ఉందాబ్బా?" అని అడిగేది.

"ఉంటదిలే. ఎతకాల గదా," అనేవాడు.

ఆ యానాది వాడలో కొత్త కోడలు అల్లిన మొదటి మావును, పోటు తగ్గి నీళ్లు సముద్రం వైపు తీసే వేళకు, మొగుడూ పెళ్లాం కలిసి ఏట్లో దిగి పెట్టాలి. ఆ మాట తలచుకుని తలచుకుని రోజా నవ్వుకుంటూ గట్టుకు వచ్చింది. కొత్త చీర తడుస్తుందని కుచ్చిళ్లు పైకి దోపుకుంది కూడా. ఇప్పుడు విరిగిన బద్దలు బురదలో పడి ఉన్నాయి.

కట్ట మీద బండి ఆపుకుని కాంట్రాక్టర్ వెంకటశేషయ్య చూస్తున్నాడు. ఏటికి రెండు పక్కలా ఆయన రొయ్యల గుంటలే. మొన్నటిదాకా ఏరు మాత్రం ఏరుగానే ఉండేది. ఇప్పుడు దానికీ ఇనుపముళ్ల కంచె దిగింది.

"ఏరు నాకు లీజుకొచ్చింది," అన్నాడాయన. "ఇంక ఈడ కాలు పెట్టినారంటే దొంగతనం కేసు పెడతా. నా గుంటలో రొయ్య ఏట్లో పడద్ది, మీరు బొక్కుతారు."

"నీ రొయ్యను నువ్వు గుంటలోనే కట్టేసుకో సామీ," అంది ముసలమ్మ. "ఏట్లో తిరిగేదాని వీపు మీద నీ పేరేమన్నా రాసుండాదా?"

"మస్తానా, ముసిల్దానికి నోరు ఎక్కువైందిరా."

మస్తానయ్య తల ఎత్తలేదు. అతనూ యానాదే, మనుబోలు వైపు నుంచి పెళ్లాం పిల్లలతో వచ్చి కంచె కాపలాకు కుదిరాడు. పెంచలకృష్ణ ముందుకు దూకబోతే ముసలమ్మ కొడుకు నడుం పట్టుకుని వెనక్కి లాగింది. "ఇప్పుడొద్దురా. ఒక్కడివి. ఒక్కణ్ణయితే తన్ని ఏట్లో తోసేస్తారు."

రోజా ఏడవలేదు. వంగి బద్దలు ఏరుకుంది. ఒక్కటి కూడా వదలకుండా గుడిసెకు మోసుకుపోయింది.

ఆ విరిగిన బద్దలు ఇంకా గుడిసె పక్కన పడి ఉండగానే వాడకు ప్రభుత్వం జీపులో వచ్చింది.

దిగిన ఆవిడ మండల పరిషత్ అధికారి ఆనందకుమారి. వెంట భుజానికి గుడ్డసంచీ తగిలించుకున్న కుర్రాయన, పట్నం నుంచి వచ్చిన డిజైనర్ సుశీల్ కుమార్. వాడ జనం టార్పాలిన్ పట్టల కిందనుంచీ గుడిసెల్లోనుంచీ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"కొత్త మండలాఫీసు ముందు గోడంతా మీ కళే ఉండాలని పైనుంచి ఆర్డరు వచ్చిందమ్మా," అంది ఆనందకుమారి. "ఈ తీరంలో మొదటి మనుషులు మీరే గదా. మీ బొమ్మలు మీరే వెయ్యాలి."

"బొమ్మలా? మాకేం బొమ్మలు మేడమ్?" అన్నారెవరో.

సుశీల్ కుమార్ ఫోనులో ఒకటి చూపించాడు. తలకు ఈకలు పెట్టుకున్న పుల్లల్లాంటి మనుషులు చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడుతున్నారు.

"ఎవురు నాయనా వీళ్లు, ఇంత సన్నంగా ఉండారు? వీళ్లక్కూడా రేషన్ రాలేదా?" అంది ఒక అవ్వ.

జనం గొల్లున నవ్వారు. సుశీల్ కుమార్ కూడా నవ్వి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "మరి మీ చేత్తో మీరు చేసేది ఏముందవ్వా?"

"ఏముందీ, మావులు."

అతను ఒక మావును ఎత్తి ఎండకు అడ్డం పెట్టి చూశాడు. అల్లిక నీడ అతని మొహం మీద పడింది. "మేడమ్, ఇవే. గోడ నిండా ఇవే," అన్నాడు.

రోజా ముందుకు వచ్చింది. "మావులు అల్లుతాం మేడమ్. మరి ఏరు?"

"అది నా చేతిలో లేదమ్మా. లీజులు వేరే శాఖవాళ్లు చూస్తారు." ఆనందకుమారి గొంతు తగ్గించింది. "ప్రారంభానికి కలెక్టర్ గారు వస్తున్నారు. నిన్ను స్టేజీ మీదకి నేనే పిలుస్తా. ఆయన మొహం మీదే అడుగు."

"ఆ ఆఫీసు కట్టేది ఎవురు?" అన్నాడు పెంచలకృష్ణ.

ఆమె కాస్త తడబడింది. "టెండరు వెంకటశేషయ్య గారికి వచ్చింది."

జీపు వెళ్లిపోయాక ముసలమ్మ ఉమ్మేసింది. "ఏరు మింగినోడి గోడకి మనం అలంకారం చెయ్యాల్నా?"

"గోడ ఆయనది కాదత్తా, గవర్నమెంటుది," అంది రోజా. "మన మావులు వాళ్ల గోడ మీదే ఉంటే, ఈ ఏరు మీది కాదని ఏ మొహం పెట్టుకుని చెప్తారు? కలెక్టర్ ముందర ఏరు అడుగుదాం. పని నీళ్లకోసం చేద్దాం, గోడకోసం కాదు."

వాడ చాలాసేపు వాదులాడుకుని ఒప్పుకుంది. కంచె పడ్డ రోజు నుంచి పొయ్యిల మీద చేప లేదు. చేతులకు పని లేదు. అడగడానికి ఒక చోటు దొరికింది, అంతే.

అల్లినన్ని రోజులూ వాడకు జాతర వచ్చినట్టే ఉంది. ఒకళ్లు బద్దలు చీరితే ఒకళ్లు నార నానబెట్టారు. రోజా నాలికలు అల్లింది. టీ గ్లాసు ఒకటే ఉంటే పెంచలకృష్ణ సగం తాగి ఆమె ముందు పెట్టేవాడు, ఆమె పెదవి ఆనిన చోటు వెతుక్కుని మళ్లీ తాగేవాడు. ఆడవాళ్లు చూసి "కొత్త కదమ్మే, అట్టనే ఉంటది," అని దెప్పేవాళ్లు. రోజా సిగ్గుపడుతూనే స్టేజీ మీద మాట్లాడవలసిన మాటలు లోలోపల అప్పజెప్పుకునేది. కానీ మధ్యలో ఎవరో ఒకరు తలెత్తి ఏటి వైపు చూసేవాళ్లు. కంచె వెనక నీళ్లు మెరుస్తూ ఉండేవి.

లారీ వచ్చి మావులన్నీ ఎక్కించుకు పోయింది.

ప్రారంభానికి ముందురోజు మధ్యాహ్నం, గోడ చూద్దామని వాడంతా నడిచి మండలాఫీసుకు వెళ్లింది. గేటు దాటగానే ముందు నడుస్తున్న ముసలమ్మ ఆగిపోయింది. వెనక వాళ్లు ఆమెకు తగిలి ఆగారు.

గోడ నిండా మావులే. నీళ్లు తగలని కొత్త మావులు, వార్నిష్ పూసి మెరుస్తున్నాయి. అన్నీ మూతి కిందికి తిప్పి వేలాడదీసి ఉన్నాయి. ఒక్కో మావులో ఒక్కో కరెంటు బల్బు వెలుగుతోంది.

ఆ వాడలో మనిషి పోతే, ఆ మనిషి మావును ఎండబెట్టి, మూతి కిందికి తిప్పి గుడిసె ముందు గుంజకు కడతారు. ఇక దాన్ని ఎవరూ ఏట్లో పెట్టరు. ఎండకీ వానకీ చివికి రాలిపోయేదాకా అది అక్కడే ఉంటుంది. ఇల్లు దాటి వెళ్లేవాళ్లు దాన్ని చూసి, ఈ ఇంట్లో మనిషి పోయాడని తల వంచుకుని వెళతారు.

"అందరం పోయినామే," అంది ముసలమ్మ. "పిల్లా జెల్లా అంతా. ఒక్కరు కూడా మిగల్లేదే." ఆమె గుండెల మీద కొట్టుకుంటూ గోడ ముందు కూలబడింది. మిగతా ఆడవాళ్లూ శోకం అందుకున్నారు. షామియానా కట్టే కూలీలు పని ఆపి చూశారు.

సుశీల్ కుమార్ పరుగెత్తుకొచ్చాడు. రోజా సంగతి చెప్పింది. అతని మొహం పాలిపోయింది. "నాకు తెలీదండీ. దీపాల్లా ఉంటాయనుకున్నా. ఇప్పుడే తిప్పిస్తా."

"తిప్పితే బల్బు యాడ పెడతావయ్యా?" వెంకటశేషయ్య వచ్చాడు. "వైరింగు అయిపోయింది. రేపు కలెక్టర్ వస్తా ఉంటే ఇప్పుడు శవం మీద ఏడుపా? ఏయ్, లేవండి, లేవండి."

రోజా ఆనందకుమారి గదికి పోయింది. "మేడమ్, రేపు నన్ను స్టేజీ మీదకి పిలుస్తానన్నారు."

ఆనందకుమారి కుర్చీలో కదిలింది. "ప్రోగ్రామ్ పైనుంచి ఫిక్సయి వచ్చిందమ్మా. టైమ్ లేదంట. లీజు కూడా పొడిగించినారని తెలిసింది. నువ్వు చదువుకున్న పిల్లవు, అర్థం చేసుకో."

రోజా అర్థం చేసుకుంది. ఆ గదిలోనుంచి ఒక్కతే గేటు దాకా నడిచింది. వాడను ఒప్పించింది తను.

వాడకు తిరిగి వచ్చి అందరూ ఎండలోనే కూర్చున్నారు.

"మూతులు పైకి తిప్పమని అడుగుదాం. ఆ పిలగాడు తిప్పతానన్నాడు గదా," అన్నాడొక మనిషి.

"తిప్పినా తిప్పకపోయినా ఏం పోయింది? మాట్లాడకుండా ఉందాం. ఆయనతో పెట్టుకుంటే ఉండే గుడిసెలు కూడా పీకిస్తాడు," అంది ఒక ఆడమనిషి.

"సరిగ్గానే కట్టినాడులే," అన్నాడు ఇంకొకడు గుర్రుగా. "ఏరు పోయినాక మనం పోయినట్టే. గోడకి తెలిసింది, మనకే తెలీలా."

పెంచలకృష్ణ లేచాడు. "అయితే రేపు కలెక్టర్ కారు ముందు పడుకుంటా."

"నువ్వొక్కడివి పడుకుంటే ఒక్కణ్ణి లాగేస్తారు," అంది రోజా. "వాళ్ల గోడ మీద చోటు దొరికితే ఏరు దొరికినట్టే అనుకున్నా. తప్పు. మూతి పైకుంటే ఏంది, కిందికుంటే ఏంది? గోడ మీద నీళ్లు లేవు. మనల్ని గోడకి తగిలించి, ఏరు వాళ్లు ఉంచుకుంటారు. మన మావులు మనం తెచ్చుకుందాం. తెచ్చి యాడ పెట్టాల్నో ఆడ పెడదాం."

"కంచె?" అన్నారెవరో.

"కంచె ఎవురు నాటినారు? మన వాళ్లే గదా, కూలికి. నాటిన చేతులకి పీకను రాదా?" అంది ముసలమ్మ. గుడిసె గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడింది. అప్పుడు జనం లేచారు.

తెల్లారి మండలాఫీసు ముందు మైకులో పాటలు మోగుతున్నాయి. కలెక్టర్ ఇంకా రాలేదు. వాడంతా గేటులోంచి లోపలికి వచ్చింది. కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు కాబట్టి ప్రారంభానికే వచ్చారనుకున్నారు అందరూ. పెంచలకృష్ణ నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. మొదటి మావు దిగింది. బల్బు పీకి గడ్డిలో పెట్టాడు, పగలకుండా. ఇంకొకటి దిగింది.

"ఏయ్! ఏం చేస్తున్నారు?" ఆనందకుమారి పరుగున వచ్చింది. "ఆయన వస్తున్నారు. వినతిపత్రం ఇప్పిస్తా రోజా, నా మాట విను."

"నిన్న టైమ్ లేదన్నారు మేడమ్. ఇయ్యాళ మాకు లేదు. ఏట్లో నీళ్లు తీసే వేళయింది."

వెంకటశేషయ్య మనుషులు నిచ్చెన లాగబోయారు. సుశీల్ కుమార్ నిచ్చెన కాళ్లు రెండు చేతులతో పట్టుకుని వదల్లేదు. షామియానా కూలీలు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఎస్సై వచ్చి లాఠీ గోడకేసి కొట్టాడు. "గోడకెక్కినాక అవి గవర్నమెంటు ఆస్తి. ముట్టుకుంటే కేసు."

రోజా అతని ఎదురుగా నిలబడింది. "ఏట్లో పెడితే లీజుదారుడి ఏరు. గోడ మీద పెడితే గవర్నమెంటు ఆస్తి. మరి మాది ఏది సార్? ఈ చేతులయినా మాయేనా, అవి కూడా ఎవురికయినా రాసిచ్చినారా?"

ఎస్సై మళ్లీ లాఠీ ఎత్తేలోపు మావులన్నీ నెత్తిన పెట్టుకుని జనం రోడ్డెక్కారు.

కంచె దగ్గర మస్తానయ్య కర్ర పట్టుకుని నిలబడ్డాడు. "అక్కా, నా పని పోద్ది," అన్నాడు ముసలమ్మతో.

"నీ పనే మమ్మల్ని తొక్కడమాయె గదరా," అంది ముసలమ్మ. తిట్టలేదు. అలిసిపోయిన గొంతుతో అంది.

మస్తానయ్య వాళ్ల వైపు వీపు పెట్టి దూరంగా పోయి గట్టు మీద కూర్చున్నాడు. గుంజలు ఒక్కొక్కటే ఊడాయి. జనం నడుం లోతు నీళ్లలో దిగి, ఏరు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా వరసగా మావులు పెట్టారు. ప్రతి మావు మూతీ నీళ్లకు ఎదురుగా. వార్నిష్ వాసన ఏట్లో కొట్టుకుపోయింది. రోజా, పెంచలకృష్ణ ఒకే మావును చెరోవైపు పట్టుకుని అడుక్కి నొక్కారు. చల్లటి బురద పాదాల మీదికి ఎక్కింది. ఆమెకు నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. కట్ట మీద వ్యాన్లు ఆగిన చప్పుడు అయింది.

పోలీసులు బూట్లతోనే నీళ్లలో దిగారు. ముందుగా పెంచలకృష్ణను పట్టుకున్నారు. జుట్టు పట్టుకుని లాగుతుంటే నీళ్లు మింగాడు. ఒడ్డుకు ఈడ్చి బూటు కాలితో తన్నారు. అడ్డం పోయిన ముసలమ్మనూ వ్యాన్లోకి ఎక్కించారు. రోజా ఒడ్డు వైపు ఒక అడుగు వేసింది.

"రాబాక!" అని అరిచాడు పెంచలకృష్ణ నోటినిండా నెత్తురుతో. "మావులు వదిలి రాబాక! మీరు కదిలితే అన్నీ పీకేస్తారు!"

ఆమె అక్కడే నిలబడింది. ఇంతవరకు ఆమె చేసిన పనులన్నిటిలోకీ అదే కష్టమైన పని. వ్యాను వెళ్లిపోయేదాకా చూసింది. పక్కనున్న ఆడమనిషి ఆమె చెయ్యి పట్టుకుంది, ఆ పక్కావిడ ఇంకో చెయ్యి. ఏటికి అడ్డంగా మనుషుల వరస కట్టింది. నీళ్లు పూర్తిగా తీసి, మావుల్లో పడ్డ చేపలు ఎత్తుకునేదాకా ఎవరూ కదల్లేదు. మిగిలిన పోలీసులు తడిసిన బూట్లతో గట్టు మీద నిలబడి చూస్తూ ఉండిపోయారు.

సాయంత్రానికి పోలీస్ స్టేషన్ ఆవరణంతా చేపల పులుసు వాసన. వాడ జనం కుండలతో వచ్చి కూర్చున్నారు. విన్నవాళ్లు విన్నట్టు చుట్టుపక్కల యానాది వాడలవాళ్లూ, గుంటల్లో కూలి చేసేవాళ్లూ వచ్చారు. గేటు బయట కూడా జనమే. ఎస్సై రెండుసార్లు పొమ్మన్నాడు. మూడోసారి అనలేదు.

రోజా లాకప్ ఊచల దగ్గర కూర్చుంది. పెంచలకృష్ణ పెదవి చీలి ఉబ్బింది. ఒక కన్ను మూసుకుపోయింది. ఆమె ముళ్లు తీసి, అన్నంలో చేప మెత్తగా కలిపి ఊచల్లోంచి పెట్టింది. అతను నమలలేక మింగుతున్నాడు. కేసు గట్టిదని లోపల స్టేషన్ రైటర్ చెబుతున్నాడు, బెయిలు కష్టమని. రేపు వెంకటశేషయ్య కొత్త కంచె దించుతాడు, ఈసారి మనుషుల్ని కూడా దించుతాడు. ఆమెకు భయంగా ఉంది. భయం పోతుందని ఎవరూ చెప్పలేదు.

పక్క గది మూల నుంచి ముసలమ్మ లేచి ఊచల దగ్గరకు వచ్చింది. ముడి ఊడి జుట్టు చెదిరి ఉంది, గొంతు మాత్రం వాడలో పిలిచినట్టే ఉంది.

"ఎమ్మే, రేపు నీళ్లు ఎప్పుడు తీస్తాయే? మావులు పెట్టాల గదా."

రోజా నోరు తెరిచేలోగా ఆవరణలోంచి, గేటు బయటి నుంచి, ఆమెకు పేర్లు కూడా తెలియని వాడలవాళ్ల గొంతులు ఒక్కసారిగా జవాబు చెప్పాయి.