రెక్క మీద మడత

ఆరో ఈగను సూదితో సహా పెట్టెలోంచి లాగి, చెత్తబుట్ట మీదికి తెచ్చాక సూదులాయన చెయ్యి ఆగింది.

మ్యూజియం కీటక విభాగంలో ముప్పయ్యొక్క ఏళ్లుగా ఆయన పని ఎండిన పురుగులను సూదికి గుచ్చి చీటీ రాయడం. ఈరోజే ఆఖరు. ఐదింటికి తాళాలు అప్పగించేలోగా, ‘పాడైనవి’ అని చీటీ అంటించిన ఈ పెట్టె ఖాళీ కావాలి. ఆయన చేరిన కొత్తలో అప్పటి అధికారి ఇందులోని పదకొండు ఈగలనూ చూసి, “రెక్కలు మడిచి పెట్టావు కదయ్యా, ఇవి చేతులా, రోకళ్లా?” అన్నాడు. సిగ్గుతో ఆయన ఆ పెట్టెను మళ్లీ తెరవలేదు. మాట మాత్రం ఇంటిదాకా వచ్చింది. గ్లాసు జారితే చాలు, భార్య “రోకళ్లు” అనేది.

కిటికీ వెలుగులో ఆరో ఈగ రెక్కకు అడ్డంగా, వెంట్రుక కన్నా సన్నని గీత. అయిదోదానికీ అక్కడే చూసిన గుర్తు. బుట్టలో కాగితాల మీద పడ్డ అయిదింటినీ ఊపిరి బిగబట్టి ఏరాడు. అక్కడే. పెట్టెలో మిగిలిన అయిదింటికీ అక్కడే. పెట్టెను రెండు చేతులా పట్టుకుని కొత్త అధికారిణి గదికి దాదాపు పరుగెత్తాడు.

“మేడమ్, నా చెయ్యే తప్పితే, ఇరవై రెండు రెక్కల మీదా ఒకే చోట తప్పుతుందా?”

“ముందు కూర్చోండి. ఆ ఆయాసమేంటి?”

ఆమె మైక్రోస్కోప్ మీదికి వంగింది. ఆయన కూర్చోలేదు.

“ఇది మడత కాదండీ, పుట్టుమచ్చ అనుకోండి. తుప్పు ఈగల కుటుంబానికంతా ఉంటుంది. వీటి పిల్లపురుగులు దుంపను తొలిచిన దారి తుప్పురంగు తిరుగుతుంది, అందుకే ఆ పేరు.” మళ్లీ వంగింది. ఈసారి ఆమె గొంతు మారింది. “కానీ ఈ మీసాలు... మన జాబితాలో ఏ జాతికీ ఇంత పొడుగు లేవే. సూది ఎంత పక్కగా దింపారు, వీపు మీద ఒక్క రోమం పోలేదు. ఎవరు గుచ్చారివి?”

“రోకళ్లండీ.”

ఆమెకు అర్థం కాలేదు. ఆయన నవ్వు మాత్రం ఆగలేదు.

“జాతి తేలడానికి రెండేళ్లు పట్టొచ్చు,” అందామె. “చీటీ మాత్రం మీరే రాసి వెళ్లండి.”

రాశాడు. తాళాలు అప్పగించాడు. ఈ కబురు ఇంట్లో ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలా అని పెదాలు కదుపుకుంటూ మెట్లు దిగిపోయాడు.

బల్ల మీద పెట్టె ఉంది. తడి ఆరని చీటీలో ‘జాతి’ అన్న మాట పక్కన, ఒక పేరు పట్టేంత చోటు.