పెద్దమ్మ గౌను అంచు

గురువారం మధ్యాహ్నం కాగానే దర్జీ ఆవిడ కుట్టు మిషన్‌ని గోడవారకు జరిపి చాప పరిచేది. నలుగురైదుగురు బైబిళ్లు పట్టుకుని వచ్చేవారు. చదువుకునేవారు, వాదించుకునేవారు, టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు పోయేవారు. నిలబడి ప్రార్థన చేసేటప్పుడు ఇస్త్రీ పెద్దమ్మకు ప్రవచనం వస్తే జానెడు ఎత్తున గాలిలోకి లేచేది. దగ్గరున్నవాళ్లు వెంటనే ఫ్యాను కట్టేసేవారు. పెద్దమ్మ అసలే పొడగరి.

ఆ గురువారమూ ఫ్యాను ఆగింది.

"అమ్మాయ్, మీ ఆయన బూట్లు కనిపిస్తున్నాయే. మీ గుమ్మం దగ్గర ఖాళీగా ఉన్నాయి," అంది పెద్దమ్మ దర్జీతో. ఆ వెంటనే, "ఇక అతను రాడమ్మా," అంది.

దర్జీ మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు. పొద్దున్నే ఏదో పాత భవనానికి పనికి వెళ్లాడు. పక్కనున్న నర్సు అప్పుడే ఆమెను పట్టుకుని ఏడుపందుకుంది.

"ఏడుపులు తర్వాత," అన్నారు బైబిలు చదువు నడిపించే లెక్కల మాస్టారు. "మన పద్ధతి మరిచిపోయారా? ముందు ఎవరేం విన్నారో, ఏం చూశారో చెప్పండి. అర్థాలు ఆనక."

దర్జీవి పొద్దస్తమానం బట్టల అంచులు సరిచూసే కళ్లు కదా, అంత భయంలోనూ అక్కడికే పోయాయి. "బూట్ల సంగతి చెప్పేటప్పుడు పెద్దమ్మ గౌను అంచు నేలకి జానెడు పైనుందండీ," అంది. "రాడు అన్నప్పుడు మాత్రం నేలకి ఆనింది."

అందరూ పెద్దమ్మ వైపు చూశారు. ఆవిడ చేతుల్లో మొహం దాచుకుంది.

"నిజమేనమ్మా. నాకు కనిపించింది బూట్లే. మా ఆయన పోయినప్పుడు ఆయన బూట్లు అలాగే మిగిలిపోయాయి. భయమేసి నోరు జారాను. ఆ చివరి మాట నాది."

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. "అయితే అంతా ఉత్తదే! వదిలేద్దాం, టీ పెడతాను."

"కూర్చో," అన్నారు మాస్టారు. "పప్పులో రాయొస్తే రాయి ఏరతాం గానీ పప్పంతా పారబోస్తామా? బూట్ల మాట పైనుంచి వచ్చిందేగా. మీ ఆయన బూట్లు గుమ్మం దగ్గర ఖాళీగా ఎప్పుడుంటాయి?"

దర్జీ ఆలోచించింది. "ఆయన ఇంట్లో ఉన్నప్పుడు."

"అంటే ఇప్పుడతను ఇంట్లో ఉండాలన్నమాట," అన్నారు మాస్టారు. పోయిందనుకున్న భయం రెట్టింపై తిరిగొచ్చింది. దర్జీ వెంటనే మొగుడికి ఫోన్ చేసింది.

"ఉన్నపళంగా ఇంటికొచ్చెయ్యండి."

"పిచ్చెక్కిందా నీకు? ఇప్పుడే లిఫ్టు గోతిలోకి దిగబోతున్నాం." అంతలోనే గొంతు తగ్గించాడు. "పెద్దమ్మ లేచిందా ఏంటి?"

"లేచింది."

"ఎంత ఎత్తు?"

"జానెడు."

"సర్లే, వస్తున్నా. పని రేపు చూసుకుంటాం."

వచ్చాడు. కూలి పోయిందని సణుక్కుంటూ బూట్లు గుమ్మం దగ్గర విడిచి, తిని పడుకున్నాడు. దీపాలు పెట్టేవేళకి ఫోన్ మోగితే దర్జీయే తీసింది. ఆ భవనంలో తాడు తెగి లిఫ్టు గోతిలోకి పడిపోయిందట. అదృష్టం కొద్దీ కింద ఎవరూ లేరట.

మొగుణ్ణి లేపలేదు. గుమ్మం దగ్గర కూలబడి రెండు బూట్లలోనూ చెయ్యి పెట్టి చూసింది. ఖాళీగానే ఉన్నాయి. లోపల్నుంచి గురక వినిపిస్తుంటే, అప్పుడు ఏడ్చింది.